డివిడెండ్ కాకా

సభ ముగిసింది. షేర్‌హోల్డర్లంతా ఖమణ్ ఫలహారం పొట్లాల కోసం హాలు వెనక్కి ఎగబడ్డారు.

ఒక్క ముసలాయన మాత్రం ఆ గుంపుకు ఎదురుగా నడుచుకుంటూ వేదిక మెట్ల దగ్గరకు వచ్చాడు.

తెల్ల ధోవతి, నల్ల టోపీ. పేరు రసిక్‌లాల్ కంసారా. అహ్మదాబాద్‌లో మేఘధనుష్ ప్యాకేజింగ్ వార్షిక సభకు వచ్చేవాళ్లెవరూ ఆ పేరుతో పిలవరు. అందరికీ ఆయన డివిడెండ్ కాకా.

అట్టపెట్టెలు తయారుచేసే ఆ కంపెనీలో ఆయనకున్నవి గుప్పెడు షేర్లు. కానీ ఏటా మైకు పట్టుకుని ఒకటే మాట అడుగుతాడు. లాభం ఎంత తగ్గినా సరే, డివిడెండ్ మాత్రం ఆపొద్దని.

ఆ ఏడే కంపెనీ సెక్రటరీగా చేరిన కేతకి కాగితాలు సర్దుకుంటోంది.

"కేతకీబేన్, పోయినేడు డివిడెండ్ చెక్కు మార్చుకోనివాళ్ల పేర్లు మీ దగ్గరుంటాయి కదా. వాటిలో ఒక పేరు లేదని చెబితే చాలు. వెళ్లిపోతాను."

ఎవరి పేరని అడిగింది కేతకి.

"తరులత."

"ఆవిడ మీకేమవుతుంది?"

ముసలాయన టోపీ తీసి మళ్లీ పెట్టుకున్నాడు.

"ఏమీ కాదు" అన్నాడు చివరికి.

కేతకికి అనుమానం వచ్చింది. మనుషులు మరచిపోయిన షేర్ల ఆచూకీ తీసి, దొంగ సంతకాలతో కాజేసేవాళ్ల గురించి ఆమె చాలా వింది. ఇతరుల వివరాలు చెప్పకూడదని ముక్తసరిగా అంది. పాత సెక్రటరీగారు చెప్పేవారని ఆయన నసిగాడు. ఆమె వినిపించుకోలేదు.

ఆయన పొట్లం కూడా తీసుకోకుండా వెళ్లిపోయాడు.

తరులత షేర్ల మీద ఏ దరఖాస్తు వచ్చినా ముందు తనకు చూపించమని ఆ మర్నాడే గుమాస్తాలకు చెప్పిపెట్టింది కేతకి.

మరుసటి ఏడు సభలో చైర్మన్ ధవల్ భావ్‌సార్ పిడుగులాంటి మాట చెప్పాడు. కొత్త ప్రింటింగ్ మెషిన్ కొంటున్నారు. అప్పు తెస్తే వడ్డీ తినేస్తుంది. అందుకని లాభమంతా కంపెనీలోనే ఉంచుతారు. మెషిన్ నిలదొక్కుకునే దాకా డివిడెండ్ ఉండదు.

కొందరు గొణిగారు. షేరు ధర పెరుగుతుందిలే అని ఎక్కువమంది సర్దుకున్నారు.

డివిడెండ్ కాకా మైకు దగ్గరకు వచ్చాడు.

"పైసా అయినా సరే ధవల్‌భాయ్, పంపించండి."

పైసా పంపడానికి తపాలా ఖర్చే అంతకన్నా ఎక్కువవుతుందని నవ్వాడు చైర్మన్. టీ డబ్బులు కావాలంటే తన జేబులోంచి ఇస్తానన్నాడు.

హాలంతా నవ్వింది. కేతకి కూడా నవ్వింది.

నవ్వులు ఆగేదాకా ఆయన అలాగే నిలబడ్డాడు.

"టీ కోసం కాదు బాబూ. అందరికీ ఏదో ఒకటి వెళ్లాలి. వెళ్తేనే కదా, అందిందో లేదో తెలిసేది."

ఇక కూర్చో కాకా, ఆకలవుతోందని వెనక నుంచి ఎవరో అన్నారు. ఆయన కూర్చున్నాడు.

ఆపై ఏడూ వచ్చాడు. మైకు అడగలేదు. బాగా చిక్కిపోయాడు. వరండాలో కేతకి ఎదురైతే, ఈసారి కూడా లేదా అని మాత్రం అడిగాడు. లేదని తలూపి ఆమె ముందుకు వెళ్లిపోయింది.

ఆ తర్వాతి సభకు ఆయన రాలేదు.

ఎప్పుడూ ఆయన పక్కన కూర్చునే మగన్‌భాయ్‌ని అడిగింది కేతకి. వానాకాలంలో పోయాడని చెప్పాడాయన.

మెషిన్ కలిసొచ్చిన ఏడాది అది. చైర్మన్ మంచి డివిడెండే ప్రకటించాడు. చప్పట్లు మోగాయి. ఎందుకో కేతకి చూపు ఖాళీగా ఉన్న మైకు వైపు పోయింది.

చెక్కులు పంపిన కొద్దిరోజులకు వట్వాలోని కంపెనీ ఆఫీసుకు ఒకామె వచ్చింది. నలభై దాటి ఉంటాయి. నూలు చీర, బస్సు ప్రయాణంలో రేగిన జుట్టు. భుజ్ నుంచి వచ్చానంది.

చెక్కు అందలేదా అని అడిగింది కేతకి.

అందింది, దాని కోసం రాలేదంది ఆమె. మొహమాటపడుతూ అడిగింది.

"మీటింగుల్లో డివిడెండ్ అడిగే ఒక పెద్దాయన ఉండాలి. నల్ల టోపీ పెట్టుకుంటాడు. ఈసారి వచ్చాడా బేన్?"

ఆయన పోయాడని చెప్పింది కేతకి.

ఆమె కుర్చీ లాక్కుని కూర్చుంది. కేతకి మంచినీళ్లు ఇచ్చింది. ఆమె తాగలేదు.

ఈమెనూ ఆ ముసలాయన మోసం చేశాడేమోననిపించింది కేతకికి.

"మీ షేర్ల మీద కూడా కన్నేశాడా? ఎవరో తరులత అనే ఆవిడ చెక్కు మార్చుకుందా లేదా అని ఆరా తీసేవాడు. ఆవిడ ఏమవుతుందంటే, ఏమీ కాదన్నాడు. నేను చెప్పలేదు లెండి."

ఆమె తలెత్తి చూసింది.

"మీరు చెప్పలేదా?"

"లేదు."

ఆమె కిటికీ బయట లారీకెక్కుతున్న అట్టల కట్టల వైపు తిరిగింది.

"నేను నచ్చినవాణ్ని చేసుకుని గడప దాటిన రోజు కూడా, తనకేమీ కాననే అన్నాడు" అంది నెమ్మదిగా. "తరులతని నేనే బేన్. ఆ షేర్లు నా చిన్నప్పుడు నా పేరు మీద కొన్నది మా నాన్నే. ఆయన ఏటా నా గురించి ఆరా తీస్తాడని పాత సెక్రటరీగారు ఒకసారి రాశారు. చెక్కు మార్చుకుంటే నేను బతికే ఉన్నానని ఆయనకి తెలుస్తుందని, ఏటా మార్చుకునేదాన్ని."