గోడకు చెవి పెట్టిన మనిషి

టక్. టక్. టక్.

మిట్టమధ్యాహ్నం. పాపకు అప్పుడే కునుకు పట్టింది. గోడకు అవతలి నుంచి ఎవరో కొడుతున్నారు.

పిరికమ్మ చేతిలో గుడ్డ సగం మడతలోనే ఆగిపోయింది. బొద్దింకను చూసినా మంచమెక్కేస్తుందని మొగుడు పెట్టిన పేరది. ఇప్పుడు అందరికీ అదే అలవాటైంది.

చప్పుడు గోడ వెంట మెల్లగా జరిగి, సరిగ్గా పాప తల ఉన్నచోట ఆగింది.

కిటికీలోంచి తొంగి చూసింది. ఎవరో ముసలామె. గోడకు చెవి ఆనించి, కళ్లు మూసుకుని వింటోంది.

"ఎవరు మీరు? ఏం కావాలి?"

"లోపల పసిబిడ్డ ఉందా అమ్మా?"

పిరికమ్మ పాప కనబడకుండా కిటికీకి అడ్డం నిలబడింది. "లేదు."

"తీగ నిండా పొత్తిగుడ్డలు ఆరేసి లేదంటావే. ఈ గోడ పక్కన పడుకోబెట్టకు తల్లీ."

ముసలామె వెళ్లిపోయింది. పిరికమ్మ తలుపు గడియ పెట్టింది. చాలదనిపించి స్టూలు కూడా అడ్డం పెట్టింది.

సాయంత్రం మొగుడు నవ్వాడు. "దెయ్యాలు కూడా పగటి షిఫ్టుకి మారాయా ఏంటి?"

"మీకు నవ్వులాటగా ఉంది. పిల్ల ఉందా అని అడిగింది. ఎత్తుకెళ్లేవాళ్లు ముందు ఇలాగే చూసి పోతారట."

"సర్లే, వాచ్‌మన్‌కి చెప్తాను. పడుకో."

ఆరేళ్లు ఒక్క గదిలో ఇరుక్కున్నాక సర్కారు లాటరీలో వచ్చిన ఇల్లది. ఎదుటి వరుసలో యాభై ఏళ్లనాటి సిమెంటు దిమ్మెల ఇళ్లున్నాయి. దిమ్మె మీద ఆకుల అచ్చు, అంచుల్లో గాడి. గాడికి గాడి ఆనించి పేరిస్తే గోడ లేస్తుంది. ఎన్ని గాలివానలొచ్చినా ఆ ఇళ్లలో ఒక్క దిమ్మె కదల్లేదు. ఆ పాత ప్లాను ఎక్కడో దొరికితే, ఇంజనీరు అవే అచ్చులు చేయించి, వీధి చివరి ఖాళీ జాగాలో ఈ నాలుగిళ్లు కట్టించాడు.

మర్నాడు ముసలామె మళ్లీ వచ్చింది. ఈసారి కిటికీలోంచి చెయ్యి లోపలికి చాపి గోడ తడిమింది. పాపకూ ఆ చేతికీ మధ్య జానెడు దూరం.

పిరికమ్మ కేకకు వాచ్‌మన్ పరుగెత్తుకొచ్చాడు.

"ఇది ఒట్టి పేర్పు నాయనా," అంది ముసలామె. "దీనికి వెన్నెముక లేదు."

"ఓహో, పెద్ద ఇంజనీరమ్మ దిగింది. పదపద."

రెక్క పట్టి గేటు వైపు లాగుతుంటే ఆమె వెనక్కి తిరిగింది. "నన్ను తిట్టుకో తల్లీ. బిడ్డను మాత్రం అవతలికి జరుపు."

పిరికమ్మ ఆమె మొహం మీదే కిటికీ మూసేసింది.

ఆ సాయంత్రం గాలి లేచింది. పాప మీద దుప్పటి సర్దుతూ పిరికమ్మ గోడకు చెయ్యి ఆనించింది. గోడ వణుకుతోంది, జ్వరమొచ్చిన పిల్ల ఒళ్లులా.

ముసలామె కొట్టినచోటే వేలి కణుపుతో కొట్టింది. ఖాళీ డబ్బా చప్పుడు.

పాపను చంకనేసుకుని వీధి దాటింది. ఎదుటింటి దర్జీ మిషను కుడుతున్నాడు. అడక్కుండానే ఆయన గోడ మీద కొట్టింది. బండరాయిని కొట్టినట్టు, వేలు నొప్పెట్టింది గానీ చప్పుడు రాలేదు.

పిరికమ్మ ఇంటికి పరుగెత్తి, సంగతంతా మొగుడికి చెప్పింది.

"గొడవ చేస్తే ఇల్లు వెనక్కి తీసుకుంటారే," అన్నాడు మొగుడు.

"తీసుకోనీండి. రోడ్డు మీదైనా పడుకుంటాను గానీ ఈ గోడ పక్కన పిల్లను పడుకోబెట్టను."

ఆమె నోట అలాంటి మాట అతను వినడం అదే మొదలు. మంచం ఎత్తి వరండాలో వేశాడు.

పొద్దున్న కబురందుకుని ఇంజనీరు ప్లాను చుట్ట పట్టుకుని వచ్చాడు. "ఉన్నది ఉన్నట్టు కట్టామమ్మా. గీత తేడా లేదు."

"అయితే ఆ పాత గోడలో ఒక్క దిమ్మె ఊడదీసి చూపించండి."

దర్జీ ఎందుకో వెంటనే ఒప్పుకున్నాడు.

ఆ ఒక్క దిమ్మె ఊడదీయడానికి ఇంజనీరు వెంట వచ్చిన మేస్త్రికి గంట పట్టింది. గాడి లోపల బొటనవేలంత ఇనుప ఊచ, దాని చుట్టూ పోసిన సిమెంటు పాలు రాయిలా గట్టిపడి ఉన్నాయి.

పిరికమ్మ ఇంట్లో గునపం రెండుసార్లు ఆడిస్తే చాలింది. దిమ్మె చేతిలోకి వచ్చేసింది. గాడిలో ఏమీ లేదు, గాలి తప్ప.

"ఊచ సంగతి ప్లానులో ఎక్కడా లేదే," అన్నాడు ఇంజనీరు. కాగితం చుట్టేశాడు. "ఈ పూటే నాలుగిళ్లూ ఖాళీ చేయండి."

పిరికమ్మ పాపను గుండెకు అదుముకుని దర్జీ అరుగు మీద కూలబడింది.

"మరి మీ గోడల్లో ఊచలు ఎవరు పెట్టారు బాబాయ్?"

"అప్పట్లో సిమెంటు కలిపే కూలిపిల్ల ఒకతె. మేస్త్రి అన్నానికి వెళ్లినప్పుడల్లా గాడిలో ఊచ దింపి, సిమెంటు పాలు పోసేది. నేను చూశాను, చెప్పొద్దంది. చివరి నాలుగిళ్ల దగ్గర దొరికిపోయింది."

"ఏం చేశారు?"

"ప్లాను మీరిందని పనిలోంచి వెళ్లగొట్టారు. ఆమె లేకుండా కట్టిన ఆ నాలుగూ మొదటి గాలికే పడ్డాయి. మీ జాగా ఇన్నేళ్లూ ఖాళీగా ఎందుకుందనుకున్నావ్?"

"ఆవిడ ఇప్పుడెక్కడ ఉంది?"

దర్జీ సూదిలోకి దారం ఎక్కించాడు.

"రాత్రి ఈ అరుగు మీదే పడుకుంది. తెల్లారేసరికి లేదు, ఎక్కడికెళ్లిందో చెప్పలేదు. నిన్న మీరు గేటు బయటికి గెంటించింది ఆవిడనే కదమ్మా."