అద్దంలాంటి సింకు

పెళ్లిచూపులకు వచ్చిన గోపమ్మ, పిల్ల ఇచ్చిన మంచినీళ్ల గ్లాసు పట్టుకుని నేరుగా వంటింట్లోకి నడిచింది. కొడుక్కు ఏ సంబంధం చూసినా ఆమె ముందు చూసేది సింకునే. ఇప్పటికే కొన్ని సంబంధాలు అక్కడే ఆగిపోయాయి.

పిల్ల ప్రవళిక కంగారుగా ఆమె వెనకే వచ్చింది. పిల్లవాడు ఆమెకు ఫోటోలోనే నచ్చేశాడు.

స్టీలు సింకు అద్దంలా మెరుస్తోంది.

"దీన్ని నువ్వే తోముతవా బిడ్డా?"

"ఔ అత్తమ్మా. సబ్బునీళ్లతోని మెత్తగ రుద్ది, వెంటనే పొడిగుడ్డతోని తుడుస్త. ఇనుప పీచునైతే దగ్గరికి సుత రానియ్య."

"మరి మీ బోరునీళ్లకు గీ గ్లాసు మీదనే తెల్ల మరకలున్నయి. సింకు మీద ఒక్కటి లేదేంది?"

అంటూనే గోపమ్మ గ్లాసులోని నీళ్లు సింకులో కుమ్మరించింది.

అవి బొళబొళా వచ్చి ఆమె కాళ్ల మీదే పడ్డాయి. సింకు కింద పైపే లేదు. ఆ ఇంట్లో గిన్నెలన్నీ ఇంటి వెనుక నల్లా దగ్గరే తోముతారు.

సంబంధం పోయిందనుకుని ప్రవళిక తల దించుకుంది.

గోపమ్మ తన కాళ్లు తుడుచుకోలేదు. కొంగుతో ముందు సింకులోని తడి తుడిచింది. తర్వాత ప్రవళిక చెవి దగ్గరికి వంగింది.

"మా ఇంట్ల సింకుకు ఇంకా కవరు సుత తియ్యలె బిడ్డా. దాన్ని గట్లనే కాపాడే కోడలి కోసం ఇన్ని ఇండ్లు తిరిగిన. లగ్గం ఎప్పుడు పెట్టుకుందమో మీ బాపును అడుగు."