డెమో క్లాసులో ఎద్దు

కదిరిలో ఒక ప్రైవేటు స్కూలు వరండాలో కూర్చుని హేమావతి పాఠం నెమరేసుకుంటోంది.

ఉన్నది ఒక్క ఇంగ్లీషు టీచరు ఉద్యోగం. డెమో క్లాసు బాగా చెబితే వస్తుంది. లేకుంటే మళ్ళీ రాయదుర్గం పోయి జీన్సు ప్యాంట్లు కుట్టుకోవాల్సిందే.

పక్క కుర్చీలో ఒక పెద్దాయన. ఇస్త్రీ చొక్కా, ఒళ్ళో తోలుసంచి.

"మనవడి కోసం వచ్చినావా తాతా?"

ఆయన నవ్వాడు.

"భయంగా ఉండాదా అమ్మా?"

"ఉండదా మరి. మిషన్ తొక్కీ తొక్కీ మోకాళ్ళు అరిగిపోయినాయి. బీఈడీ చదివిందే అది మానుకోడానికి."

గంట కొట్టారు. కరెస్పాండెంట్ విష్ణువర్ధన్ తలుపు దగ్గర కుర్చీ వేసుకున్నాడు. పెద్దాయన కూడా వచ్చి చివరి బెంచీలో కూర్చున్నాడు. ఫ్యాను గాలికి వచ్చాడనుకుంది హేమావతి.

ముసలితనం మీద ఇంగ్లీషు జాతీయాలు, అదీ పాఠం.

"లాంగ్ ఇన్ ది టూత్ అంటే వయసు మళ్ళినవాళ్ళు. గుర్రం ముసలిదయ్యేకొద్దీ చిగుళ్ళు తగ్గి పళ్ళు పొడుగ్గా కనిపిస్తాయి. అందుకని ఆ మాట పుట్టింది."

పిల్లలు కిటికీలోంచి బయటికి చూస్తున్నారు. విష్ణువర్ధన్ ఫోన్ తీశాడు. హేమావతి సుద్దముక్క బల్ల మీద పెట్టేసింది.

"సరే, గుర్రాన్ని వదిలేయండి. సంతలో ఎద్దును కొనేటప్పుడు మీ నాయన ఏం చూస్తాడు?"

ముందు బెంచీలో ఒకడు ఆవులించాడు.

"ఎద్దు లేకుండా పిల్లోళ్ళు ఎట్ల చెప్తారమ్మా?" పెద్దాయన లేచాడు. "నేనుండాను కదా."

ముందుకొచ్చి, నడుం వంచి, నోరు తెరిచాడు.

క్లాసు గొల్లుమంది. పిల్లలు ఎగబడ్డారు.

"పండ్లు చూసి వయసు చెప్పండి."

"అరిగిపోయినాయి మేడం. ముసలెద్దు."

"కొంటారా?"

"ఊరికే ఇచ్చినా వద్దు."

పెద్దాయన బాధగా రంకె వేశాడు. విష్ణువర్ధన్ ఫోన్ పక్కన పెట్టి నవ్వాడు.

ఇక హేమావతికి పట్టపగ్గాల్లేవు. ఓవర్ ది హిల్ అంటే గుట్ట ఎక్కేసి అవతలికి దిగుతున్నవాడని చెప్పి, ఆయన్ని బోర్డు ముందున్న గట్టు ఎక్కించి దించింది.

"పని చేయలేని ఎద్దును ఏం చేస్తారు?"

"మేతకు వదిలేస్తారు మేడం."

"దాన్నే పుట్ అవుట్ టు పాశ్చర్ అంటారు. వయసైందని పని మాన్పించిన మనుషుల్ని కూడా అట్లే అంటారు. ఇంక పో తాతా, పోయి మేసుకో."

ఆయన ఒక్క క్షణం ఆమె ముఖంలోకి చూశాడు. తోలుసంచి తీసుకుని, ఎద్దులాగే తలాడిస్తూ బయటికి నడిచాడు. పిల్లలు ఒకటే చప్పట్లు.

విష్ణువర్ధన్ ఆయన వెనకే వెళ్ళి, కాసేపటికి తిరిగొచ్చాడు.

"సోమవారం వచ్చి చేరమ్మా. ఇంకెవరి క్లాసూ చూసే పని లేదు."

హేమావతి వరండాలోకి పరుగెత్తింది. ముందు ఆ తాతకు దండం పెట్టుకోవాలనిపించింది. కుర్చీ ఖాళీగా ఉంది. గేటు బయట హిందూపురం బస్సు దుమ్ము లేపుకుంటూ పోతోంది.

"ఆ తాత ఏ పిల్లోని కోసం వచ్చినాడు సార్?"

"ఏ పిల్లోడమ్మా? ఆయన ఈశ్వరప్ప సారు. వయసైందని పాత బడిలో మాన్పించినారంట. నీ తర్వాత ఇదే ఉద్యోగానికి క్లాసు చెప్పాల్సింది ఆయనే."