చల్లపెట్టెలో ఒక్క చోటు

"తాతా, నీ పెట్టె తియ్యి. నా పెరుగు ఎక్కాలి."

"తియ్యను."

సోఫియా నగరపు విమానాశ్రయంలో సరుకు ఎక్కించే చల్లగది ముందు జరిగిందిది. నెవెనా గొర్రెలు కాచే మనిషి. గొంతు కొండ మీద అలవాటైన గొంతు. ముసలాయన మాత్రం గొంతు లేవకుండానే జవాబిస్తున్నాడు.

సముద్రం అవతల లార్నకా వెళ్ళే విమానంలో సరుకు చెడకుండా ఉంచే చల్లపెట్టె ఒక్కటే. అది నిండిపోయింది. నెవెనా పెరుగు పెట్టెలన్నీ ఎక్కాయి, ఒక్కటి తప్ప. ఆ చోట్లో ముసలాయన అట్టపెట్టె కూర్చుని ఉంది.

"గెంకో, నువ్వైనా చెప్పు. ఒక్క పెట్టె తగ్గినా మొత్తం తిప్పి పంపుతామన్నారు లార్నకా హోటలువాళ్ళు. సరుకు తిరిగొచ్చిందంటే నా మంద కసాయివాడి పాలే."

గెంకో సరుకెక్కించే బండి మీద కూర్చుని అరచేతులు ఊదుకుంటున్నాడు. లోపల చలి.

"ఆయన ముందు రాయించుకున్నాడక్కా. నేనేం చెయ్యను?"

"ఏముంది తాతా అందులో, బంగారమా?"

"బనిత్సా."

"బనిత్సానా! చీజు పొరల రొట్టెకి విమానమా? రేపు పంపు. ఎక్కడికి పోతుంది?"

"రేపటికి లాభం లేదు. ఆమె అడిగింది."

గెంకో వంగి పెట్టె మీది పేరు చదివాడు. 'కొస్తదింకకు' అని ఉంది.

"ఓహో! ఇవాళ కొస్తదిన్ పునీతుడి పండగ కదూ. ఆ పేరు పెట్టుకున్న ఇంటావిడకీ పండగన్నమాట. అక్కడ పనికెళ్ళిందా తాతా?"

"ఒక ముసలామెను చూసుకుంటోంది" అన్నాడు ముసలాయన. పెట్టె అంచున ఉబ్బిన మంచుసంచీని వేలితో లోపలికి నొక్కాడు.

"పండగకి నా గొర్రెల్ని బలిస్తావా?" అంది నెవెనా. "రాయివి తాతా నువ్వు. నీ పెళ్ళాం సముద్రం దాటి పారిపోయిందంటే పోదూ మరి!"

గెంకో నవ్వాపుకున్నాడు. ముసలాయన పెట్టె మీద చెయ్యి తియ్యలేదు.

అప్పుడు ఆయన జేబులో ఫోను మోగింది.

లోపల సరిగా వినపడక బయటికి నడిచాడు. చినుకులు పడుతున్నాయి. రేకు కింద నిలబడి విన్నాడు.

తిరిగొచ్చి, "ఆ అమ్మాయిది ఎక్కించు. నాది దించెయ్" అన్నాడు.

నెవెనా నోరు తెరిచింది. "ఏమైంది? రాయి కరిగిందా?"

"నాకిక తొందర లేదమ్మా."

"ఫోన్లో ఆవిడ తిట్టుంటుంది" అన్నాడు గెంకో, పెట్టె దించుతూ. "రొట్టె ఒద్దు, డబ్బు పంపమని."

పెరుగు ఎక్కింది. చల్లపెట్టె తలుపు మూసుకుంది. నెవెనా గుండెల మీద చెయ్యేసుకుని గోడకి చేరగిలబడింది.

ముసలాయన తన పెట్టె విప్పాడు. టోపీ తీసి చంకలో పెట్టుకున్నాడు. బనిత్సాని చేత్తోనే తుంచి గెంకో అరచేతిలో ఒక ముక్క పెట్టాడు. నెవెనా అరచేతిలో ఒకటి పెట్టాడు.

"తీసుకోండి."

గెంకో కొరికాడు. "అబ్బ! ఉప్పు! అడుగు మాడింది కూడానూ. ఎవరు చేశారు తాతా, సున్నం కొట్టే మేస్త్రీయా?"

"నేనే. ఇంతకు ముందెప్పుడూ పొయ్యి దగ్గరికి పోలేదు."

ఇద్దరూ పగలబడి నవ్వారు. నెవెనాకి ఆ సంతోషంలో మాడిన ముక్క కూడా తియ్యగానే ఉంది.

ముసలాయన కదలలేదు. టోపీ లేని తలతో అలాగే నిలబడి ఒకసారి ఇతని మొహం, ఒకసారి ఆమె మొహం చూశాడు. ఇంకేదో అంటారని ఆగినట్టున్నాడు.

నెవెనాకి గుర్తొచ్చింది. పండగ ముక్క తిని దీవించకుండా ఉంటారా?

"మీ కొస్తదింక నూరేళ్ళు చల్లగా బతకాలి తాతా! వచ్చే పండగ ఇద్దరూ ఒకే పొయ్యి ముందు చేసుకోవాలి!"

"నూరేళ్ళు!" అన్నాడు గెంకో నోటినిండా ముక్కతో.

ముసలాయన తల వంచాడు. మిగిలిన బనిత్సా బల్ల మీద పెట్టి, టోపీ పెట్టుకోకుండానే వానలోకి వెళ్ళిపోయాడు.

హోటలువాళ్ళు మళ్ళీ పంపమన్నారు, ఈసారి రెండింతలు. ఆ వారంలోనే నెవెనా మళ్ళీ వచ్చింది. ఒక కుండ పెరుగు విడిగా తెచ్చింది. ఆ ముసలాయన ఏ ఊరివాడో గెంకోని అడుగుదామని.

అడగక్కర్లేకపోయింది. ఆయన చల్లగది పక్క బల్ల మీదే కూర్చుని ఉన్నాడు.

"తాతా! నీ చలవతో నా మంద నిలిచింది. ఇంద, పట్టు. ఈసారి ఏం పంపుతున్నావు ఆవిడకి?"

"పంపడానికి రాలేదమ్మా."

లార్నకా నుంచి విమానం దిగి కాసేపైంది. చల్లగదిలోంచి గెంకో బండి వచ్చింది. ఎప్పుడూ ఎగిరెగిరి వచ్చే బండి మెల్లగా వస్తోంది. దాని మీద పొడుగాటి చెక్కపెట్టె ఉంది.

ముసలాయన లేచి టోపీ తీశాడు.

గెంకో బండి ఆపి తనూ తీశాడు. "దేవుడు ఆమెను క్షమించుగాక" అన్నాడు.

పోయినవారి పేరు మీద ఎవరైనా చేతిలో తిండి పెడితే ఆ వైపు అనవలసిన మాట అదొక్కటే.

"ఎప్పుడు తాతా?" అంది నెవెనా.

"ఆ రోజే. మనం కొట్లాడుకుంటుండగా."

ఆయన ఆమె చేతుల్లోంచి కుండ అందుకుని బల్ల మీద పెట్టి, మూత సరిచేశాడు.

"నీ పెరుగు చెడకుండా చేరింది కదమ్మా?"

నెవెనా నోట్లో మాడిన చేదు ఇప్పుడు తగిలింది. ఆ రోజు తను నవ్వుతూ, నూరేళ్ళు దీవిస్తూ తిన్నది, కొస్తదింక పోయాక ఆమె పేరు మీద తాత పెట్టిన మొదటి ముద్ద.