అత్తగారికి పది రోజుల చోటు

పెళ్లి శుక్రవారం. శనివారం పొద్దున్నే పడవ. పది రోజుల పాటు సముద్రం మీద పెళ్లికొడుకు, పెళ్లికూతురు, ఆకాశం. అన్నీ కుదిరాయి. ఆ పది రోజులూ పెళ్లికొడుకు వాళ్లమ్మని ఎక్కడుంచాలన్నదే కుదరలేదు.

ఆవిణ్ణి ఒంటరిగా వదిలే వీల్లేదు. పోయిన నెల స్నానాల గదిలో జారిపడింది. మాత్రలు వేళకి చేతిలో పెట్టాలి. రాత్రిపూట లేస్తే పట్టుకోవాలి. ఇన్నేళ్లూ ఆ పనులన్నీ కొడుకే చేశాడు. గొడుగులు బాగుచేసే కొట్టూ, ఇల్లూ ఒకే గోడకి అటూ ఇటూ ఉండబట్టి సరిపోయింది. అమ్మ ధ్యాసలో పడి పెళ్లి మాటే మర్చిపోయాడు.

గుర్తుచేసింది కర్టెన్లు కుట్టే ఆమె. ఒక్క వానాకాలంలో ఒకే గొడుగుని నాలుగుసార్లు విరగ్గొట్టి తెచ్చింది. నాలుగోసారి ఊచలు తిప్పి చూసి, “ఇది గాలికి విరిగింది కాదండీ,” అన్నాడు.

“కాదు,” అంది ఆమె.

అంతే. పెళ్లి కుదిరిపోయింది.

“చోటు దొరక్కపోతే నాకేం నష్టంరా? నేనూ పడవెక్కుతాను,” అంది అమ్మ. “మీ ఇద్దరి మధ్యా కూర్చుంటాను. గాలి బాగా వస్తుంది.”

అమ్మ అన్నంత పనీ చేసే మనిషి.

బుధవారం వృద్ధాశ్రమాలు చూడ్డానికి ముగ్గురూ టాక్సీ ఎక్కారు. పెళ్లికొడుకు కాళ్లు నేలమీద ఆనడం లేదు. పొద్దుట కళ్లజోడు కోసం ఇల్లంతా గాలిస్తే అది నెత్తిమీదే ఉంది. “ప్రేమ గుడ్డిదని ఊరికే అన్నారా!” అంది అమ్మ.

దారిలో పెళ్లికూతురు అతని చెవి దగ్గరికి వంగి ఏదో గుసగుసలాడింది.

“ఆఁ?” అన్నాడు.

మళ్లీ చెప్పింది.

“ఆఁ?”

మూడోసారికి డ్రైవరు సిగ్గుపడి అద్దం పక్కకి తిప్పేసుకున్నాడు.

ఇంతలో పెళ్లికూతురి ఫోను మోగింది. “కుట్టుపనిలో ఉన్నాను,” అని చెప్పి టక్కున పెట్టేసింది. “మా ఇంట్లోవాళ్లు. ఇంకా అలకమీదే ఉన్నారు. నలుగురిలో తలెత్తుకోలేకపోతున్నారట.”

“అబద్ధం భలే అతికినట్టు చెప్పావే! నువ్వు నా కోడలివే,” అని అమ్మ మురిసిపోయింది.

మొదటిచోట ఫినాయిల్ వాసన గేటు దాకా ఎదురొచ్చింది. హాల్లో పాతికమంది కుర్చీల్లో వరుసగా టీవీకేసి తిరిగి కూర్చున్నారు. ఎవరూ మాట్లాడుకోవడం లేదు. అమ్మ ఒకాయన భుజం తట్టి, “ఈ బస్సు ఎక్కడికి వెళ్తుంది నాయనా?” అని అడిగింది. ఆయన నవ్వాడు. నవ్వి చాన్నాళ్లయినట్టుంది, దగ్గొచ్చింది. పెళ్లికొడుకు వెంటనే అమ్మని బయటికి తీసుకొచ్చేశాడు.

రెండోచోట గది పై అంతస్తులో. లిఫ్టు పాడైంది. అమ్మని కుర్చీతో సహా ఇద్దరు పనివాళ్లు మోసుకెళ్లారు. వెనకాల మెట్టుమెట్టుకీ ఆగుతూ పైకి చేరేసరికి పెళ్లికొడుక్కి రొప్పు, పెళ్లికూతురికి నవ్వు.

“ఇప్పుడే ఇలాగైతే ఎల్లుండి ఎలాగండీ?” అందామె.

పెళ్లికొడుకు చెవులదాకా ఎర్రబడ్డాడు. అమ్మ చటుక్కున గోడకేసి తిరిగింది. భుజాలు మాత్రం ఎగిరెగిరి పడుతున్నాయి.

గది శుభ్రంగా ఉంది. పరుపు మెత్తగా ఉంది. కిటికీలోంచి ఎండ పడుతోంది. పెళ్లికొడుక్కి ప్రాణం లేచొచ్చింది. “రాత్రి అవసరమైతే ఎవరొస్తారు?” అని అడిగాడు.

“మంచం పక్కన బెల్లుంది సార్. నొక్కితే చాలు,” అన్నాడు ఒక పనివాడు.

అమ్మ నొక్కింది. ఎవరూ రాలేదు. మళ్లీ నొక్కింది. కింద ఎక్కడో రేడియోలో పాట అయిపోయి ఇంకో పాట మొదలైంది.

“వస్తార్లే. నేను పోయాక,” అంది అమ్మ.

మళ్లీ మెట్లు. మళ్లీ టాక్సీ. పెళ్లికూతురు మెల్లగా అతని చెయ్యి పట్టుకుంది. “పోనీలెండి. పడవ ఎక్కడికీ పోదు. వచ్చే ఏడాది వెళ్దాం.”

వచ్చే ఏడాది అనే మాట అతనికి ముల్లులా గుచ్చుకుంది. “ఇంకొక్కటి చూద్దాం,” అన్నాడు.

మూడోచోటు చిన్న పెంకుటిల్లు. మెట్లు లేవు. వరండాలో నలుగురు ఆడవాళ్లు పేకాడుతూ గొంతులు చించుకుని పోట్లాడుకుంటున్నారు. “దొంగాట!” “నీదే దొంగాట!” అమ్మ కళ్లు మెరిశాయి. సరాసరి గదిలోకి వెళ్లి బెల్లు నొక్కింది. నొక్కిన వేలు తీసేలోపే ఒకావిడ పిండిచేతులతో పరిగెత్తుకొచ్చింది. “ఏమైందమ్మా, ఏం కావాలి?”

“ఏం లేదు తల్లీ, నీ మొహం చూద్దామని.”

ఆవిడ ఫక్కున నవ్వి, వంటింట్లోకి వెళ్లిపోయింది.

అమ్మ మంచంమీద చతికిలబడింది. “ఒరే, మీరిద్దరూ పొండి. పదిరోజులకి ఒక్కరోజు ముందొచ్చినా ఊరుకోను. ఆ దొంగాటలో నేను గెలవాల్సినవి చాలా ఉన్నాయి.”

పెళ్లికొడుకు పట్టలేక పెళ్లికూతురి నడుం చుట్టూ చెయ్యేసి గిర్రున ఒక చుట్టు తిప్పాడు. ఇద్దరూ తూలి అమ్మ పక్కనే మంచంమీద పడ్డారు. ముగ్గురికీ నవ్వాగలేదు. కళ్లల్లోంచి నీళ్లొచ్చేలా నవ్వారు.

అప్పుడే గది తాళంచెవితో లోపలికొచ్చిన మేనేజరు మంచంమీది మూడు ముగ్గుబుట్టల్లాంటి తలల్నీ, మూడు బోసినవ్వుల్నీ, గోడకి చేరేసిన మూడు చేతికర్రల్నీ మార్చి మార్చి చూసి, “ఇంతకీ మీ ముగ్గురిలో ఇక్కడ ఉండబోయేది ఎవరండీ?” అని అడిగింది.