పన్నెండో బావి రాయి

"చూశారా, ఇదీ నా పన్నెండో బావి," అన్నాడు సీ బూజెమా, బావి తవ్వినప్పుడు లోతుల్లోంచి తీసిన ఇసుకరాతి ముక్కను బల్ల మీద కన్నకొడుకు వీపులా నిమురుతూ. ఆ చుట్టుపక్కల చమురు బావులన్నిటికీ ఆయనే పెద్ద.

అల్జీర్స్ నుంచి వచ్చిన ముగ్గురు అధికారులూ తలలూపారు. ఆ ముక్కను తెచ్చి బల్ల మీద పెట్టిన లూంజా అందరికీ పుదీనా టీ పోసింది. రెండేళ్ళ క్రితం ఒక బావిని మూయవద్దని ఈయనతో వాదించినందుకే, భూగర్భశాస్త్రం చదివిన ఆమె ఈ ఎడారి గోదాములో రాళ్ళపెట్టెలకు కాపలా కాస్తోంది. ఆ బావిని మళ్ళీ తెరిపించాలన్న పంతం ఇంకా వదల్లేదు.

బూజెమా రాతికి నాలుక ఆనించాడు. అతుక్కుపోయింది. లోపల సందులున్న రాయి తడిని అలాగే పీల్చుకుంటుంది; చమురు నిలిచేదీ ఆ సందుల్లోనే. అధికారులు కూడా హోదా ప్రకారం వరసగా నాకారు.

"అంత లోతులో సందులు మిగలవు కదండీ," అని ఒకాయన నసిగాడు. "పైబరువుకి ఇసుక అణిగిపోతుంది. మిగిలిన కాస్త ఖాళీలోనూ స్ఫటికం పేరుకుని పూడుకుపోతుంది."

"అది పుస్తకాల్లో మాట. ఇక్కడ రేణువు రేణువుకీ బంకమట్టి పూత పట్టింది. పూత మీద స్ఫటికం పెరగదు. కోట్ల ఏళ్ళయినా రాయి మన రొట్టెలా గుల్లగానే ఉంటుంది."

లూంజా అప్పట్లో చెప్పిందీ అక్షరాలా ఇదే. "చెల్లెమ్మా, వంటింటి పూతలు రాళ్ళకి పుయ్యకు," అని ఆయన అందరి ముందూ నవ్వాడు. ఆ నవ్వు తలుచుకుంటే ఆమెకు ఇంకా మండుతూనే ఉంది.

"ఆ మాట రాసిస్తారా, సీ బూజెమా? రికార్డులో పెట్టాలి," అని అడిగింది లూంజా.

"ఇవ్వకేం? చూసి నేర్చుకో."

'ఈ రాయి వచ్చిన బావిలో చమురు తీసి తీరాలి. కాదన్నవాడికి ఈ పని రాదు' అని రాసి, సంతకం చేసి, ముద్ర గుద్దాడు. అధికారులూ కింద సంతకాలు పెట్టారు.

"బావి నెంబరు వెయ్యలేదు," అంది లూంజా.

"పెట్టె మీద చూసి నువ్వే వేసుకో. గుమాస్తా పనులు నాకు చెప్పకు."

కార్లు కదిలాక లూంజా, తను ఆ రాయిని తీసిన పెట్టె మీదున్న నెంబరే ఖాళీలో వేసింది: ఏడో బావి, రెండేళ్ళ క్రితం 'సందు లేని బండ' అని బూజెమా ఇదే సంతకంతో సిమెంటు పోయించి మూయించినది.