తడిబండ దగ్గర యాభయ్యోది

"చెట్టు మీద గీత స్థలం కాదు."

ఫోన్‌లో ఆట నడిపేవాళ్లు పంపిన ఆ ఒక్క ముక్క పైకే చదివి వెందులాకు ఒళ్లు మండిపోయింది. ఆట ముగియడానికి ఇంకా నలభై నిమిషాలే ఉన్నాయి. బెస్కిడి కొండల్లో చూడదగ్గ చోట్లను ఫొటో తీసి ఆటలోకి ఎక్కించాలి. మధ్యాహ్నం పన్నెండులోగా ముందుగా యాభై ఎవరు ఎక్కిస్తే ఈ ఏటికి కొండలకు దొర వాళ్లే. ఆమెవి నలభై తొమ్మిది. గుడ్లగూబవీ నలభై తొమ్మిదే.

గుడ్లగూబ అన్నది ఆటలో పెట్టుకున్న పేరు. మనిషెవరో ఎవరికీ తెలియదు. రెండేళ్లుగా సరిగ్గా చివరి రోజున వెందులా నోటికాడి ముద్ద లాక్కుంటున్నది మాత్రం ఆ గుడ్లగూబే.

"అహోయ్! ఏది స్థలం కాదట?" నిచ్చెన భుజాన వేసుకుని కొండెక్కి వస్తున్న హినెక్ అడిగాడు.

ఈ దారి పొడుగునా నడిచేవాళ్లకు గుర్తుగా చెట్ల మీద తెలుపు, ఎరుపు, తెలుపు అడ్డగీతలు వేసింది ఆయనే. డెబ్బై దాటినా మూడేళ్లకోసారి కుంచె పట్టుకుని కొండంతా తిరిగి వాటికి మళ్లీ రంగు వేస్తాడు.

"మీ గీతే, తాతా."

"నా గీతా!" నిచ్చెన ధబాలున కింద పడేశాడు. "పొగమంచు కమ్మినప్పుడు వాళ్లకి దారి చూపించేది ఎవరట? ఫోనా? నా గీత లేకపోతే ఏ స్థలానికైనా వాళ్ల తాత చేరగలడా?"

"నేనూ అదే రాశాను. గీతలు కొండకి వేలున్నాయి, అన్నీ స్థలాలే అంటే అడుగు పెట్టడానికి చోటుండదన్నారు. పేరున్న బోర్డయితే ఒప్పుకుంటారట. ఇవాళ మీరు 'తడిబండ' బోర్డు పెడతారని తెలిసి పొద్దున్నించీ కాచుక్కూర్చున్నా."

"నీకెవరు చెప్పారు?"

"మీ కొండదారుల సంఘం గోడకి చీటీ అంటించారుగా."

"అబ్బో! ఆ చీటీలు చదివేవాళ్లు కూడా ఉన్నారన్నమాట." ఆయన మొహం ఎందుకో చిన్నబోయింది.

"తొందరగా బిగించండి తాతా, మీకు దణ్ణం పెడతా! ఆ గుడ్లగూబకి కొత్త బోర్డు వాసన ఎక్కడుందో తెలిసిపోతుంది. మేకు దిగేలోపు వాలిపోతుంది. పోనీ ఫొటో తియ్యడమైనా వచ్చా అంటే, అదీ లేదు. ప్రతి ఫొటోలో మూలన దాని బొటనవేలు!"

హినెక్ దగ్గాడు. "పాపం, చూపు ఆనదేమోలే."

ఆయన సంచిలోంచి పసుపు రంగు రేకు బోర్డు తీశాడు. దారి పక్కన పాతి ఉన్న కొత్త గుంజకు నిచ్చెన ఆనించాడు. ఎక్కబోయి ఆగాడు.

"గుంజ కింద రాయి మీద కూడా గీతలు వెయ్యాలి. నా మోకాళ్లు వంగవు. నువ్వు అవి వేస్తుంటే నేను బోర్డు బిగిస్తా. ఇద్దరి పనీ ఒకేసారి అయిపోతుంది."

"డబ్బాలు ఇటివ్వండి!"

తెల్ల రంగు డబ్బా మూత తేలిగ్గానే వచ్చింది, ఎర్ర రంగు డబ్బా మూత మాత్రం బిగుసుకుపోయి ఉంది. హినెక్ బొటనవేలితో బలంగా లేపి ఇచ్చాడు. వెందులా మోకాళ్ల మీద కూలబడి గీతలు మొదలుపెట్టింది. పైన మరలు కిర్రుకిర్రుమంటున్నాయి. ఆమె కుంచె ఆపకుండానే ఫోన్లో టైము చూసుకుంటోంది. పదకొండూ నలభై. పదకొండూ నలభై అయిదు.

అంతలో కింది మలుపులో సైకిలు కనిపించింది. ఎర్ర టోపీ కుర్రాడు, రొప్పుతూ తొక్కుతున్నాడు. ఒక చేతిలో ఫోను!

"తాతా, గుడ్లగూబ వచ్చేస్తోంది! అయిందా?"

"అయింది. వంకర ఉందేమో దూరం నుంచి చూస్తానుండు." ఆయన నిచ్చెన దిగి, దాన్ని పక్కకు తీసి, ఆమె వెనక్కి నడిచాడు. "నువ్వు మాత్రం వెనక్కి తిరక్కు. చెయ్యి కదిలితే గీత వంకరపోతుంది."

వెందులా పళ్లు బిగబట్టి ఆఖరి తెల్లగీత లాగింది. సైకిలు గంట వినపడుతోంది. తాత ఇంకా చూస్తూనే ఉన్నాడు. ఎంతసేపు చూస్తాడీ మనిషి!

"ఆ. ఇప్పుడు బాగుంది," అన్నాడు హినెక్ తీరిగ్గా. "తీసుకో నీ ఫొటో."

ఆమె కుంచె విసిరేసి లేచింది. ఫొటో తీసింది. 'తడిబండ' అని కొట్టింది. సైకిలు వచ్చి ఆగేలోపు పంపేసింది. పదకొండూ యాభై ఆరు!

"గెలిచా! తాతా, గెలిచా!" ఆయన్ని గట్టిగా వాటేసుకుని, కుర్రాడి వైపు వేలెత్తింది. "నువ్వేనా గుడ్లగూబవి? ఆలస్యమైపోయింది, బాబూ!"

కుర్రాడు బిత్తరపోయాడు. "ఏ గూబండీ? నేను దారి తప్పాను. ఫోను చచ్చిపోయింది. కొండమీది సత్రానికి ఎటు వెళ్లాలి?"

"ఎర్రగీత పట్టుకుని పో నాయనా," అన్నాడు హినెక్, ఆ మాట ఒక్కో అక్షరం నములుతూ.

వెందులా పగలబడి నవ్వింది. ఆ నవ్వులో ఉండగానే చేతిలో ఫోను మోగింది.

"ఈ స్థలం ఇప్పటికే ఉంది. మూడు నిమిషాల క్రితం గుడ్లగూబ పంపింది. విజేత: గుడ్లగూబ."

ఆమె చుట్టూ చూసింది. కుర్రాడి సైకిలు మలుపు తిరిగిపోయింది. అడవిలో వేరే నరపురుగు లేదు. హినెక్ అటు తిరిగి నిచ్చెన కట్టుకుంటున్నాడు, మెల్లగా ఈల వేస్తూ.

గుడ్లగూబ ఫొటో తెరిచింది. పసుపు బోర్డు. దాని కింద మోకాళ్ల మీద వంగి గీతలు వేస్తున్న తన వీపు. ఎప్పటిలాగే మూలన ఒక బొటనవేలు, గోరు నిండా ఎర్ర రంగు.